చాల్‌లో మీ ఖోలీ రీడెవలప్‌మెంట్‌కు పోతోందా? తాళం చెవి ఇచ్చేలోపు చేసుకోవాల్సిన పనులు

ముంబై చాల్‌లో, అంటే వరుసగా ఒంటి గదులున్న పాత బిల్డింగులో, మా ఖోలీ (గది) పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. మూలన మోరీ, మోరీ పక్కనే గ్యాసు పొయ్యి, పైన సగం దాకా చెక్క మాళా (అటక). అందులో ఏడుగురం ఉండేవాళ్లం. మిల్లు పనికి సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన తాత పేరు మీద కిరాయి పావతి (రసీదు) ఉండేది. ఆయన పోయాక కూడా ఇరవై ఏళ్లు పావతి ఆయన పేరు మీదే వచ్చింది. నెలనెలా డబ్బు కడుతున్నాం, పావతి వస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాం. బిల్డరు మనిషి ఫైలు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "ఈ పేరు మనిషి ఎక్కడ?" అని అడిగిన రోజు బాపు నోట మాట రాలేదు.

ముంబైలో ఒంటి గది చాళ్లలో ఉంటున్న మన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కామాఠీపురాకు ఆ పేరు తెలుగు నేల నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. వర్లీ, లోయర్ పరేల్, నాయ్‌గావ్‌లలో మిల్లుల కోసం వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ చాళ్లు ఇప్పుడు రీడెవలప్‌మెంట్ పేరుతో, అంటే పాతది కూల్చి కొత్తది కట్టడానికి, ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. చట్టంలో కిరాయిదారుకు రక్షణ బాగానే ఉంది. కాకపోతే ఆ రక్షణ కాగితం ఉన్నవాళ్లకే దొరుకుతుంది, అది కూడా గదిలో ఉన్నన్నాళ్లే గట్టిగా పనిచేస్తుంది. గది ఖాళీ చేసిన మర్నాటి నుంచి బిల్డరుకు మీతో తొందర ఉండదు. అందుకే కింద చెప్పిన పనుల్లో ఎక్కువ శాతం ఖాళీ చేయకముందు చేసుకోవాల్సినవే.

1. మీ బిల్డింగు ఏ ఖాతాలోకి వస్తుందో తెలుసుకోండి

"చాల్" అని మనం ఒకే మాట అంటాం కానీ, చట్టానికి చాళ్లన్నీ ఒకటి కావు. మీకు ఎన్ని అడుగుల ఇల్లు వస్తుంది, ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలి అన్నవి దీన్ని బట్టే ఉంటాయి.

కొలాబా నుంచి మాహిం, సాయన్ వరకు ఉన్న పాత నగరంలో 1969 సెప్టెంబరు 30కి ముందు కట్టిన ప్రైవేటు మాలకుల (యజమానుల) బిల్డింగులు ఎక్కువగా సెస్ బిల్డింగులు. మరమ్మతుల కోసం పన్నుతో పాటు సెస్ వసూలు చేస్తారు కాబట్టి ఆ పేరు. 1940 సెప్టెంబరుకు ముందువి ఏ కేటగిరీ, 1950 చివరిదాకా కట్టినవి బీ, తర్వాతివి సీ. మాలకు దగ్గరున్న మున్సిపాలిటీ ఆస్తి పన్ను బిల్లులో రిపేర్ సెస్ అనే పద్దు ఉందేమో చూడండి. మాలకు చూపించకపోతే మ్హాడా (రాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) వాళ్ల రిపేర్ బోర్డులో మీ వార్డు చూసే ఇంజనీరు ఆఫీసుకు వెళ్లి అడగండి. ముంబై అభివృద్ధి నియమావళి 2034లోని 33(7) నియమం వీటికి వర్తిస్తుంది. దాని ప్రకారం ఇప్పుడున్న గది ఎంత చిన్నదైనా నివాసానికి కనీసం 300 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి నేల, ఉచితంగా ఇవ్వాలి. పునరావాసం వైపు ప్రీమియం కట్టకుండా 35 శాతం ఫంజిబుల్ ఏరియా, అంటే మామూలు లెక్కకు మించి కట్టనిచ్చే అదనపు స్థలం, కూడా వస్తుంది. అది కలిస్తే 405 అడుగులు. 300 అని చెప్పి ఊరుకునే బిల్డర్లు ఉంటారు కాబట్టి ఈ 405 అంకె గుర్తు పెట్టుకోండి.

పక్కపక్క బిల్డింగులన్నీ కలిపి, పాత నగరంలో కనీసం 4,000 చదరపు మీటర్ల స్థలం చేసి కడితే అది క్లస్టర్, అంటే 33(9). అక్కడ కనీసం 35 చదరపు మీటర్లు, దాదాపు 376 అడుగులు. భేండీ బజారులో కడుతున్నది ఈ పద్ధతిలోనే. కామాఠీపురాకూ మ్హాడా ద్వారా ఇదే దారి ఎంచుకున్నారు.

వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లలోని బీడీడీ చాళ్ల సంగతి వేరు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కట్టించిన చాళ్లవి. ఒక్కో బిల్డింగులో 80 గదులు, గది 160 అడుగులు. మాలకు ప్రభుత్వమే. వాటికి ప్రత్యేకంగా 33(9)(బి) నియమం తెచ్చి, గదికి 500 అడుగుల ఫ్లాటు సొంతానికి ఇస్తున్నారు. వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో తాళాలు ఇచ్చారు. శివడీలోని 12 బీడీడీ బిల్డింగులు పోర్టు స్థలంలో ఉండటంతో ఆ పథకంలో కలవలేదు. మీరు శివడీలో ఉంటే వర్లీ లెక్క మీకు చెప్పే వాళ్ల మాట నమ్మకండి.

మీది చాల్ కాక గుడిసెల బస్తీ అయితే అది స్లమ్ అథారిటీ పరిధి. ఆ నియమాలు, కటాఫ్ తేదీలు వేరు, ఇక్కడ చెప్పేవి దానికి పనికిరావు.

2. పావతి మీద ఎవరి పేరుందో ఈ రోజే చూడండి

మిగతా అన్ని పనుల కంటే ఇది ముందు చేయండి. మన ఇళ్లల్లో జరిగే తప్పు కూడా ఎక్కువగా ఇక్కడే.

పేరు చనిపోయిన పెద్దమనిషిది అయితే, మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం 1999 ఒక లెక్క చెబుతుంది. కిరాయిదారు చనిపోయినప్పుడు ఆయనతో కలిసి ఆ గదిలో ఉంటున్న కుటుంబ సభ్యులకు కిరాయి హక్కు వెళ్తుంది. అలా ఎవరూ లేకపోతేనే మిగతా వారసులకు. వాళ్లలో వాళ్లకు కుదరకపోతే కోర్టు తేలుస్తుంది. అంటే "నేను పెద్ద కొడుకుని" అన్నంత మాత్రాన సరిపోదు. ఆ సమయానికి ఆ గదిలోనే ఉన్నట్టు చూపించాలి. మన వాళ్లకు చిక్కంతా ఇక్కడే వస్తుంది. పెద్దవాళ్లు ముసలితనంలో ఊరికి వెళ్లిపోతారు, రేషన్ కార్డు కరీంనగర్‌లోనో నల్గొండలోనో ఉంటుంది, ఓటు అక్కడే వేస్తారు. ముంబై గదిలో ఉన్న కొడుకు పేరు మీద ఒక్క కాగితమూ ఉండదు.

కాబట్టి వెతికి బయటికి తీయాల్సినవి ఇవి: పాత పావతులు, ఎంత పాతవైతే అంత మంచిది, కరెంటు బిల్లులు, ముంబై చిరునామా ఉన్న రేషన్ కార్డు, ఓటరు జాబితాలో పేరున్న పేజీ, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు, మిల్లు పాసు, పీఎఫ్ కాగితాలు, చనిపోయిన వారి మరణ ధృవీకరణ. వీటిలో 1996 జూన్ 13కి ముందువి విడిగా పెట్టండి. 33(7) కింద ఆ తేదీ తర్వాత కొత్తగా పుట్టించిన కిరాయిలను లెక్కలోకి తీసుకోరు. ఒక గదిని రెండు చేసి రెండు ఇళ్లు కొట్టేద్దామనుకునే మాలకుల కోసం పెట్టిన తేదీ అది. కానీ కాగితం లేకపోతే పాతకాలపు కిరాయిదారుకు కూడా అదే గోడలా అడ్డం పడుతుంది.

ఇంకొకటి, ఇది మన తెలుగువాళ్లకే ఎక్కువ. మన ఊళ్లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ముంబైలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. పావతి రాసే మెహతా, అంటే మాలకు లెక్కలు చూసే మనిషి, చెవికి వినిపించినట్టు రాస్తాడు. గాజుల అన్న ఇంటిపేరు గాజుల్ అవుతుంది, రాజయ్య రాజన్న అవుతాడు, ఆధార్‌లో మరొకటి ఉంటుంది. మా తాత పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంది. ఆ నాలుగూ ఒకే మనిషివి అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించండి. బతికి ఉన్నవాళ్ల పేరులో తేడా ఉంటే మహారాష్ట్ర గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన వేయించి, ఆ కాపీ ఫైలులో పెట్టండి. ఆఫీసు కిటికీ ముందు నిలబడి "రెండూ నేనేనండీ" అంటే వినే నాథుడు ఉండడు.

అన్నదమ్ముల మాట కూడా ఇప్పుడే తేల్చుకోండి. కిరాయి 200 రూపాయలున్నప్పుడు ఆ గది ఎవరికీ పట్టదు. 405 అడుగుల ఫ్లాటు అనేసరికి భివండీలో ఉన్న చిన్నబాపు, ఊళ్లో ఉన్న మేనత్త, అందరికీ గుర్తొస్తుంది. అది వాళ్ల తప్పూ కాదు. కూర్చుని మాట్లాడుకుని, ఎవరికేం ఇవ్వాలో రాసుకుని, హక్కు వదులుకునే వాళ్లతో రిలీజ్ పత్రం రిజిస్టర్ చేయించండి. ఆ తర్వాత పావతి మీ పేరుకు మార్చమని మాలకుకు రాతపూర్వకంగా అడగండి. పావతి ఇవ్వడం చట్టప్రకారం మాలకు బాధ్యత. కిరాయి తీసుకోనంటే గొడవ పడకండి, ప్రతి నెలా ఈ-మనీఆర్డరు చేయండి. తిరిగొస్తే ఆ రసీదు దాచండి. "కిరాయి కట్టలేదు" అనే సాకు వాళ్లకు దొరకకూడదు.

3. సర్వేకి వచ్చిన రోజు ఇంట్లో ఉండండి

33(7) కింద ఎవరెవరు కిరాయిదారులు, ఎవరి గది ఎంత అన్న జాబితాను మ్హాడా రిపేర్ బోర్డు ధృవీకరించాలి. తర్వాత జరిగే ప్రతి పనికీ ఆ జాబితాయే పునాది. సర్వేకి వచ్చే రోజు డ్యూటీ ఉందని తాళం వేసి వెళ్తే "తాళం వేసి ఉంది" అని రాసుకుని పోతారు. ఆ మూడు మాటలు చెరిపించడానికి మా ఎదురింటి వాళ్లకు ఏడాదిన్నర పట్టింది.

మీరే ముందుగా టేపు పెట్టి లోపలి గోడ నుంచి లోపలి గోడకు కొలిచి, ఫోన్‌లో ఫొటోలు తీసి, కాగితం మీద గది పటం గీసి తేదీ వేసి పెట్టుకోండి. సర్వే మనిషి రాసిన కొలత చూపించమని అడగండి. తేడా ఉంటే అక్కడికక్కడే రాయించండి. వరండా వైపు అనుమతి లేకుండా ముందుకు జరిపిన గోడ మాత్రం లెక్కకు రాదు, దాని గురించి పట్టుబట్టి అసలు విషయం పాడు చేసుకోకండి. గదిలో చిన్న కొట్టో కుట్టు మిషనో పెట్టి గుమాస్తా లైసెన్సు (దుకాణం నమోదు పత్రం) తీసుకుని ఉంటే అది కూడా చూపించండి. వ్యాపారపు స్థలానికి ఉన్నంత స్థలమే తిరిగి వస్తుంది, 300 అడుగుల కనీసం దానికి లేదు. గది నివాసంగా నమోదవడమా, దుకాణంగా నమోదవడమా అన్నది ఆలోచించి చెప్పండి.

జాబితా తయారయ్యాక పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ధృవీకరించిన కాపీ తెచ్చుకోండి. 30 రోజుల్లో ఇవ్వాలి. అందులో మీ పేరు అక్షరం అక్షరం చూసుకోండి.

4. సమ్మతి పత్రం మీద సంతకం

సెస్ బిల్డింగుకు బిల్డరును సాధారణంగా మాలకు తెస్తాడు. ఆయన ముందుకు కదలాలంటే కిరాయిదారుల్లో కనీసం 51 శాతం మంది రాతపూర్వక సమ్మతి కావాలి. ఒకప్పుడు ఇది 70 శాతం. ఆ కాగితం మీద "తిరిగి తీసుకోలేని" అన్న మాట ఉంటుంది. అది నిజంగానే తిరిగి తీసుకోలేనిది.

బిల్డరుకు మీరు ఎందుకు కావాలో అర్థం చేసుకుంటే బేరం తేలికవుతుంది. స్థలం మీద 3 ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి మూడు రెట్ల నిర్మాణం, లేదా కిరాయిదారులకు కట్టాల్సినదానికి తోడు ప్రోత్సాహకంగా మరో 50 శాతం, ఏది ఎక్కువైతే అంత కట్టుకునే వీలు ఆయనకు దక్కుతుంది. అంటే ఆయన అమ్ముకునే ఫ్లాట్లు మీ గది వల్లే పుడుతున్నాయి. ఆయన మీకు ఉచితంగా దానం చేస్తున్నదేమీ లేదు. ఎవరైనా "ఫ్రీగా ఇస్తున్నారు, ఇంకా ఏం అడుగుతావ్" అంటే తల దించుకోనక్కర్లేదు.

ఒక్కరే వెళ్లి మాట్లాడకండి. అంతస్తుకు ఒకరు చొప్పున కమిటీ వేసుకోండి, అందులో ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. నీళ్లు ఎన్ని గంటలకొస్తాయి, ఎవరింట్లో మంచం పట్టిన ముసలివాళ్లున్నారు అన్నవి వాళ్లకే తెలుసు. ప్రతి మీటింగుకు మినిట్స్ రాసి సంతకాలు పెట్టించండి. సమ్మతి పత్రం మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. దాన్ని చదివి తెలుగులో చెప్పగల మనిషిని కూర్చోబెట్టి, ఇంటి పెద్దలందరికీ వినిపించాకే సంతకం. ఏరియా దగ్గర, తేదీ దగ్గర ఖాళీ గళ్లు ఉంటే సంతకం వద్దు. సంతకం పెట్టిన కాగితం ఫొటో తీసుకోకుండా అక్కడి నుంచి లేవకండి.

అదే సమయంలో ఒక్కరు అడ్డం నిలబడితే బిల్డింగు ఆగుతుందన్న భ్రమ కూడా వద్దు. చాలినంత మంది సమ్మతించి మ్హాడా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చాక, ఒప్పుకోని వాళ్లను ఖాళీ చేయించడానికి మ్హాడా చట్టంలో 95-ఎ సెక్షన్ ఉంది. అడగాల్సినవన్నీ సమ్మతికి ముందు, అందరూ కలిసి అడగాలి.

ఈ దశలోనే ఏజెంట్లు నగదు పట్టుకుని తిరుగుతారు. "ఇంత ఇస్తాం, గది రాసిచ్చి ఊరికి వెళ్లిపోండి" అంటారు. చేతి నిండా అప్పులున్నవాడికి ఆ నోట్ల కట్ట చాలా పెద్దదిగా కనిపిస్తుంది. మీ ఏరియాలో 405 అడుగుల ఫ్లాటు ఇవాళ ఎంతకు పోతోందో నలుగురిని అడిగి, ఆ అంకె పక్కన ఏజెంటు చెప్పిన అంకె రాసి, ఆ కాగితం ఇంట్లో ఆడవాళ్లకు చూపించాక నిర్ణయించుకోండి.

5. ఒప్పందం: ఇక్కడ తొందరపడొద్దు

శాశ్వత ప్రత్యామ్నాయ నివాస ఒప్పందం అని ఒకటుంటుంది. బిల్డరుకూ మీకూ మధ్య, విడివిడిగా ప్రతి ఇంటికీ. అది రిజిస్టర్ కావాలి. నోటరీ చేసిన కాగితం, లెటర్‌హెడ్ మీద హామీ, స్టేజీ మీద మైకులో చెప్పిన మాట, ఇవేవీ దానికి బదులు కావు. కొనుక్కునే వాళ్లకు రెరా చట్టం అండ ఉంటుంది. పునరావాసం ఫ్లాటు తీసుకునే వాళ్లకు అంత అండ దొరకదు. మీ అండ ఈ ఒప్పందమే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 36 నెలల్లో ఇల్లు అన్నారు. అప్పటిదాకా వేరే చోట ఉండటానికి కిరాయి నెలనెలా బ్యాంకులో వేస్తామన్నారు. ఒప్పందంలో "అన్ని అనుమతులు వచ్చిన తేదీ నుంచి 36 నెలలు" అని ఉంది. అనుమతుల్లో ఒకటి ఎప్పటికీ రాలేదు, కాబట్టి వాళ్ల లెక్కలో ఆ 36 నెలలు ఎప్పుడూ మొదలే కాలేదు. కిరాయి మూడో ఏడు ఆగిపోయింది. మేం డోంబివ్లీకి, అక్కడి నుంచి ఇంకా దూరానికి మారాం. బాపు రైల్లో దాదర్ వైపు వెళ్లిన ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడి, మా స్థలం వచ్చే చోట బయటికి వంగి చూసేవాడు. రేకుల కంచె, లోపల పిచ్చి మొక్కలు, ఒక క్రేను. తొమ్మిదేళ్లకు ఇల్లొచ్చింది. ఆ తొమ్మిదేళ్లకూ కారణం ఒక్క వాక్యం, దాన్ని మేం చదవలేదు.

కాబట్టి గడువు "మీరు గది ఖాళీ చేసిన తేదీ నుంచి" అని ఉండాలి. ఖాళీ చేసిన తేదీ కాగితం మీద వేయించాలి.

ఏరియా "కార్పెట్" అని, చదరపు అడుగుల్లోనూ మీటర్లలోనూ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. బిల్టప్, సూపర్ బిల్టప్ అన్న మాటలు ఎక్కడ కనిపించినా కొట్టేయించండి. ఫంజిబుల్ కలిపి ఎంత అన్నది విడిగా ఉండాలి. ఫ్లాటు నంబరు, అంతస్తు, ఏ వింగు అన్నది చెప్పే పటం ఒప్పందానికి జతచేయాలి. లాటరీ ద్వారా అయితే లాటరీ ఎవరి సమక్షంలో, ఎప్పుడు అన్నది రాయాలి.

తాత్కాలిక కిరాయి విషయంలో నెలకు ఎంత అన్నదాని కంటే ఎప్పటిదాకా అన్నది ముఖ్యం. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చి, కొత్త ఇంటి తాళం చేతికిచ్చే రోజుదాకా ఇస్తామని ఉండాలి. మొదటి ఏడాది కిరాయి ముందే, తర్వాతి ఏళ్లకు తేదీలు వేసిన చెక్కులు, ఏటా ఎంత శాతం పెంపు, సామాను తరలింపు ఖర్చు, బ్రోకరేజీ, డిపాజిట్ ఎవరిది, ఇవన్నీ రాయించండి. బీడీడీ చాళ్లలో నెలకు 25,000 రూపాయలు ఇస్తున్నారు. మీ ఏరియాలో బేరం ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని బట్టి చూసుకోవచ్చు.

బిల్డరు ఈ స్థలాన్ని బ్యాంకులో పెట్టి అప్పు తెస్తాడు. పునరావాస భాగం మీద ఎలాంటి తాకట్టు ఉండకూడదని, మీ భాగం కట్టాకో లేక దాంతో పాటో తప్ప అమ్మకపు భాగానికి ఓసీ అడగనని రాయించాలి. వీలైతే కమిటీ పేరు మీద బ్యాంకు గ్యారంటీ అడగండి. ఇవ్వనంటాడు. అయినా అడగండి. ఎంత తగ్గించి ఇస్తాడో చూస్తే ఆయన జేబు సత్తువ తెలుస్తుంది.

చివరగా కార్పస్, అంటే బిల్డింగు నెలవారీ ఖర్చుల కోసం బిల్డరు ఇచ్చే నిధి. చాల్‌లో నెలకు 200, 300 కట్టిన కుటుంబం టవరులో లిఫ్టుకు, పంపుకు, వాచ్‌మన్‌కు నెలకు వేలు కట్టాలి. ఉచితంగా ఇల్లొచ్చి, ఆ వేలు కట్టలేక అమ్మేసి బద్లాపూర్ వెళ్లిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. ఇంటికి ఇంత అని బిల్డరు ఇచ్చే కార్పస్ సొసైటీ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పడాలి. చేతికి నగదు వద్దు.

ఫ్లాటు ఎవరి పేరు మీద అన్న గడిలో భార్య పేరు కూడా రాయించండి. దానికి అదనపు ఖర్చు లేదు, తర్వాత మార్చాలంటే ఉంటుంది.

లాయరు ఖర్చు భయపెడితే జిల్లా న్యాయసేవా అథారిటీ దగ్గరికి వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందించాలని 1987 చట్టం చెబుతోంది. అందుకే మా చాల్‌లో దరఖాస్తు అమ్మ పేరు మీద పెట్టాం.

6. ప్రమాదకర భవనం అని నోటీసు వస్తే

నోటీసును తేలిగ్గా తీసుకోకండి. 2017 ఆగస్టు 31న భేండీ బజారు దగ్గర హుస్సేనీ బిల్డింగు కూలి 33 మంది చనిపోయారు. 2019 జులైలో డోంగ్రీలో కేసర్‌బాయి బిల్డింగు. వానాకాలం ముందు మ్హాడా అతి ప్రమాదకర బిల్డింగుల జాబితా ప్రతి ఏడాదీ విడుదల చేస్తుంది, మీ బిల్డింగు పేరుందేమో చూస్తూ ఉండండి.

అయితే ఖాళీ చేయించడానికి మాలకు తెప్పించిన నివేదిక ఒక్కటే చాలదు. మున్సిపల్ చట్టం 354 సెక్షన్ కింద నోటీసు వస్తే, బిల్డింగు సీ-1 కేటగిరీనా, అంటే వెంటనే కూల్చాల్సిందేనా, లేక మరమ్మతు చేస్తే నిలిచేదా అన్నది అడగండి. మీ కమిటీ వేరే స్ట్రక్చరల్ ఇంజనీరుతో ఆడిట్ చేయించి రెండు నివేదికలు తేడాగా ఉంటే సాంకేతిక సలహా కమిటీకి పంపమని కోరవచ్చు. నిజంగానే సీ-1 అయితే ఆ గదిలో ఒక్క రాత్రి కూడా వద్దు, బయటికి వచ్చేయండి. కూల్చినంత మాత్రాన కిరాయి హక్కు పోదు. ఎవరి గది ఎంత ఏరియానో కూల్చేముందే నమోదు చేయాలని బాంబే హైకోర్టు 2014లో మార్గదర్శకాలిచ్చింది. ఆ నమోదు కాపీ చేతిలో ఉంచుకుని వెళ్లండి.

సెస్ బిల్డింగులకు ఇంకో దారి ఉంది. 2022లో రాష్ట్రపతి ఆమోదం పొందిన సవరణతో మ్హాడా చట్టంలోకి 79-ఎ వచ్చింది. ప్రమాదకరమని తేలిన బిల్డింగు విషయంలో మాలకు ఆరు నెలల్లో 51 శాతం సమ్మతితో ప్రతిపాదన పెట్టాలి. పెట్టకపోతే కిరాయిదారుల సొసైటీకి ఆరు నెలలు. వాళ్లూ చేయకపోతే మ్హాడాయే స్థలం తీసుకుని కడుతుంది. మాలకు ఆరు నెలలు నడుస్తుండగానే మీరు సొసైటీ ఏర్పాటు పని మొదలుపెట్టండి, లేకపోతే మీ ఆరు నెలలు సంతకాలు సేకరించడంలోనే అయిపోతాయి. మధ్యలో ఆగిపోయిన ప్రాజెక్టులను మ్హాడా తీసుకునేందుకు 91-ఎ అనే సెక్షన్ కూడా అప్పుడే వచ్చింది. మేం చిక్కుకున్న రోజుల్లో ఆ సెక్షన్ లేదు.

7. ఖాళీ చేసే రోజు, ఆ తర్వాత

తాళం చెవి ఇచ్చేముందు చేతిలో ఉండాల్సినవి: రిజిస్టర్ అయిన ఒప్పందం, మ్హాడా ఎన్‌ఓసీ కాపీ, బ్యాంకులో జమ అయిన మొదటి కిరాయి, మిగతా చెక్కులు. ఇవి లేకుండా పక్కింటివాళ్లు ఖాళీ చేశారని మీరూ చేయకండి. ఖాళీ గది వీడియో తీసి, తాళం ఎవరికి ఎప్పుడు ఇచ్చారో రాసి సంతకం తీసుకోండి.

ట్రాన్సిట్ క్యాంపుకు, అంటే మ్హాడా ఇచ్చే తాత్కాలిక గదులకు, వెళ్లాల్సి వస్తే అలాట్‌మెంటు లెటరు ప్రాణం లాంటిది. అక్కడికి వెళ్లి ఇరవై ముప్ఫై ఏళ్లుగా తిరిగి రాలేని కుటుంబాలు ఉన్నాయి. రోడ్డు వెడల్పులోనో ఇరుకు స్థలంలోనో పోయి, పాత చోట మళ్లీ కట్టలేని బిల్డింగుల వాళ్లకు మ్హాడా మాస్టర్ లిస్టు ఉంది. మీ బిల్డింగు అలాంటిదైతే అందులో పేరు కోసం దరఖాస్తు పెట్టండి. క్యాంపు గదిని కిరాయికిచ్చి ఊరెళ్లిపోతే అసలు హక్కు మీదే అనుమానం వస్తుంది.

చెదిరిపోయిన చాల్‌ను ఒక్కతాటి మీద ఉంచడం అన్నిటికంటే కష్టం. ఒకరు విరార్, ఒకరు కల్యాణ్, ఒకరు ఊరు. నెలకోసారి, ఫలానా ఆదివారం అని పెట్టుకుని, ఎవరో ఒకరు స్థలం దగ్గరికి వెళ్లి ఫొటో తీసి అందరికీ పంపాలి. మేం వినాయక చవితికి, బతుకమ్మకు ఆ రేకుల కంచె ముందే కలుసుకునేవాళ్లం. కిరాయి ఒక్క నెల ఆగినా ఆ నెలలోనే స్పీడ్ పోస్టులో రాతపూర్వకంగా అడగండి, మ్హాడాకు కాపీ పెట్టండి. మూడు నెలలు మర్యాదకు ఊరుకుంటే ఆ మర్యాద మనకే బరువవుతుంది.

8. పావతి లేనివాళ్లు

ఈ చట్టాలేవీ చూడని మనుషులు కూడా ప్రతి చాల్‌లో ఉంటారు. నెలకింత అని మంచం కిరాయికి తీసుకుని, ఒక ఖోలీలో ఎనిమిది మంది పడుకునే కుర్రాళ్లు. వరండాలో చాప వేసుకునే ముసలాయన. వాళ్లకు ఫ్లాటు రాదు, కిరాయి రాదు, బిల్డింగు పడిన రోజు వాళ్లు రోడ్డు మీద. వాళ్ల విషయంలో చట్టం చాలా అన్యాయంగా ఉందని నేను అనుకుంటున్నాను. 300 అడుగులు, 500 అడుగులు అని మాట్లాడుకునే మీటింగుల్లో వాళ్ల మాట ఎవరూ ఎత్తరు.

మీరు మంచం కిరాయికి ఇచ్చే వాళ్లయితే, తేదీ తెలిసిన రోజే వాళ్లకు చెప్పండి, డిపాజిట్ ఏదైనా ఉంటే సామాను కట్టకముందే ఇచ్చేయండి. మీరే ఆ మంచం మీద ఉంటున్న వాళ్లయితే ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, జీతం కాగితాలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఎప్పుడూ వెంట ఉంచుకోండి. తర్వాత చోటు తీసుకునేటప్పుడు లీవ్ అండ్ లైసెన్స్ రిజిస్టర్ చేయమని అడగండి. అది మాలకు చేయాల్సిన పనే. చోటు దొరక్కపోతే, ఊరి జనాభాలో లక్ష మందికి వంద మంది చొప్పున నగర నిరాశ్రయుల ఆశ్రయాలు ఉండాలని పట్టణ జీవనోపాధి మిషన్ నియమం పెట్టింది. దగ్గర్లో ఏది ఉందో మున్సిపల్ వార్డు ఆఫీసులో అడగండి.

9. కొత్త తాళం తీసుకునే రోజు

ఓసీ కాపీ చూడకుండా తాళం తీసుకోకండి. ఓసీ లేని బిల్డింగులో నీళ్ల బిల్లు ఎక్కువ పడుతుంది, కిరాయి చెక్కులు మాత్రం మీరు లోపలికి వెళ్లిన రోజుతో ఆగిపోతాయి. పాత గది కొలిచిన టేపే పట్టుకెళ్లి కొత్త గది కొలవండి. కుళాయి తిప్పి చూడండి, బాత్‌రూములో బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడండి, కిటికీలు తీసి వేయండి. లోపాలు రాసి బిల్డరు మనిషితో సంతకం పెట్టించాక తాళం.

తర్వాత సొసైటీలో షేర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. దాంతో పాటు నామినేషన్ ఫారం ఇస్తారు, చాలామంది తర్వాత చూద్దామని మడిచి పెట్టేస్తారు. బాపు ఆ ఫారం ఆఫీసు బల్ల మీదే నింపాడు. అమ్మ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా అని అక్షరం అక్షరం చదివించుకుని, రసీదు తీసుకుని, తాత పావతులున్న రేకు పెట్టెలో పెట్టాడు.